వలస కుటుంబాలకు వార్డులో చోటు: పురపాలక సిబ్బందికీ బస్తీ సంఘాలకూ ఒక ఆచరణ మార్గదర్శిని

వానలు మొహం చాటేసిన ఏడాది పాలమూరు పల్లెల నుంచి మేస్త్రీ వెంట హైదరాబాదు చేరే కుటుంబం ఉంటుంది. ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి అడ్వాన్సు తీసుకుని ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబం ఉంటుంది. మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం నుంచి ప్రాణభయంతో పారిపోయి వచ్చి, బాలాపూర్ పరిసరాల్లో గుడిసె వేసుకున్న రోహింగ్యా కుటుంబమూ ఉంటుంది. ప్రభుత్వ దస్త్రాలలో ఈ మూడూ మూడు వేర్వేరు శాఖల కిందకు వస్తాయి. వార్డులో పనిచేసేవారికి మాత్రం మొదటి నెలలో మూడు కుటుంబాల అవసరాలూ దాదాపు ఒకటే: తడవని చోటు, తాగే నీళ్ళు, మరుగుదొడ్డి, బియ్యం, పిల్లల బడి, జబ్బు చేస్తే దగ్గరలో వైద్యం. 2024లో ప్రపంచవ్యాప్తంగా విపత్తుల కారణంగా 4.58 కోట్ల నిర్వాసన ఘటనలు (ఒక మనిషి ఇల్లు వదలవలసి వచ్చిన ప్రతిసారీ ఒక ఘటన) నమోదయ్యాయి. ఆ ఏడాది చివరికి సొంత దేశంలోనే ఇల్లు విడిచి బతుకుతున్నవారు 8.34 కోట్ల మంది. వీరిలో చాలామంది చివరికి చేరేది నగరాలకే కనుక ఈ పని భారం ఎక్కువగా పురపాలికల మీదే పడుతుంది.

ఈ మార్గదర్శిని అంతటా ఒకే సూత్రం మీద నడుస్తుంది. వచ్చినవారు నాలుగు నెలల్లో వెళ్ళిపోతారని అనుకుని ఏర్పాటు చేసిన ప్రతిదానికీ తర్వాత మళ్ళీ ఖర్చు పెట్టాల్సి వస్తుంది. 1960లలో బర్మాలో వ్యాపారాలను జాతీయం చేసినప్పుడు కట్టుబట్టలతో తిరిగివచ్చిన తెలుగువారు విశాఖపట్నంలో కంచరపాలెం దగ్గర స్థిరపడ్డారు. ఆ చోటు పేరు నేటికీ బర్మా క్యాంపే అయినా అక్కడ ఉన్నది మామూలు పట్టణ పేట. అందువల్ల తాత్కాలికంగా వేసే నీటి గొట్టాన్ని కూడా రేపు శాశ్వత లైనుకు కలపడానికి వీలుగా వేయాలి.

మొదటి పని: లెక్క తీయడం

వలస కుటుంబాలను పగటిపూట వెతికితే దొరకరు. తెల్లవారుజామున లేబర్ అడ్డాల దగ్గర, రాత్రి ఎనిమిది తర్వాత గుడిసెల దగ్గర, భవన నిర్మాణ స్థలాల్లో వేసిన రేకుల షెడ్ల దగ్గర లెక్క తీయాలి. ఇటుక బట్టీల్లో దీపావళి దాటాక మొదలయ్యే పని తొలకరి దాకా సాగుతుంది కనుక అక్కడి లెక్కకు డిసెంబరు సరైన కాలం. మహిళా సంఘాలతో పనిచేసే మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) రిసోర్స్ పర్సన్‌ను, ఆశా కార్యకర్తను, అంగన్‌వాడీ టీచరును కలిపి ఒక జట్టుగా పంపితే ఒక్కో శాఖ విడివిడిగా తిరగాల్సిన అవసరం తప్పుతుంది. పైగా గర్భిణులు, పసిపిల్లలు ఉన్న ఇళ్ళు మొదటి రోజే తెలుస్తాయి.

అడగవలసిన ప్రశ్నలు కొద్దిగానే ఉండాలి: ఏ ఊరి నుంచి వచ్చారు, ఎందుకు వచ్చారు, ఎంతకాలం ఉండాలనుకుంటున్నారు, ఏయే కార్డులు ఉన్నాయి, ఇంట్లో ఎంతమంది ఉన్నారు. రెండో ప్రశ్నకు వచ్చే జవాబు తర్వాతి ఏర్పాట్లన్నిటినీ నిర్ణయిస్తుంది. బోరు ఎండి వచ్చినవారు మరుసటి ఏడాది వానలు పడితే తిరిగి వెళ్ళవచ్చు. కాకినాడ దగ్గర ఉప్పాడలో ఇల్లు సముద్రంలో కలిసిపోయినవారికి వెనక్కి వెళ్ళడానికి స్థలమే లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి తోటలను కూల్చినప్పుడు అక్కడి రైతులు ఈ రెంటికీ మధ్య చిక్కుకున్నారు, ఎందుకంటే భూమి మిగిలింది గానీ కొత్తగా నాటిన మొక్క కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. ఈ మూడు రకాలవారికీ ఒకే విధమైన వసతి చూపితే ఎవరికీ పూర్తిగా సరిపోదు.

ఇలా సేకరించిన జాబితా సేవలు అందించడానికే ఉపయోగపడాలి. గుడిసెలు తొలగించే విభాగం చేతికి ఒక్కసారి వెళ్ళిందంటే ఆ తర్వాత ఏ కుటుంబమూ నిజం చెప్పదు, మరుసటి ఏడాది లెక్క కాగితం మీదే మిగులుతుంది. కాబట్టి సర్వే మొదలుపెట్టే ముందే కమిషనర్ నుంచి ఈ విషయంలో లిఖితపూర్వక ఆదేశం తీసుకోవడం మంచిది.

చోటు ఎంపికలో చేయకూడనివి

నగరంలో ఎవరికీ అక్కరలేని ఖాళీ జాగా కనిపించిందంటే దాని వెనక ఏదో కారణం ఉంటుంది. చాలాసార్లు ఆ కారణం నీరే. చెరువు పూర్తి నీటిమట్టం లోపలి శిఖం భూములు, నాలా గట్లు, వాగు ఒడ్డున ఉన్న లోతట్టు స్థలాలు పేదలకు సులువుగా దొరుకుతాయి, వరదకూ అంతే సులువుగా దొరుకుతాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉండిపోయినప్పుడు డ్రోన్లతో ఆహారం చేరవేయవలసి వచ్చింది. అదే సమయంలో ఖమ్మంలో మున్నేరు ఒడ్డు కాలనీలు మునిగాయి. ఒకసారి కరువు వల్ల ఊరు వదిలిన కుటుంబం నగరంలో వరద వల్ల మళ్ళీ ఇల్లు వదలవలసి వస్తే, రెండోసారి ఆ కుటుంబం దగ్గర అమ్ముకోవడానికి కూడా ఏమీ ఉండదు. అందుచేత స్థలం చూసేటప్పుడు రెవెన్యూ పటం చూసి ఊరుకోకుండా, చుట్టుపక్కల పాత ఇళ్ళవారిని అడిగి, గత వరదల్లో నీరు ఎంత ఎత్తున నిలిచిందో గోడల మీద గుర్తు పెట్టించాలి. ఆ గుర్తుకు దిగువన ఎవరికీ చోటు చూపకూడదు.

రెండో జాగ్రత్త దూరానికి సంబంధించింది. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు అంచున కొల్లూరులో 2023 జూన్‌లో ప్రారంభమైన డబుల్ బెడ్‌రూం సముదాయంలో 15,660 ఇళ్ళు ఉన్నాయి. గోడలు, పైకప్పుల విషయంలో గుడిసెతో వాటికి పోలికే లేదు. అయితే పాతబస్తీలో ఇళ్ళలో పనిచేసే మనిషికి, అడ్డా మీద తెల్లవారుజామున నిలబడితేనే పని దొరికే కూలీకి అంత దూరం నుంచి రోజూ రావడం అంటే కూలిలో కొంత బస్సుకు పోవడమే. పని చోటుకు నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉన్న చిన్న గది, దూరాన ఉన్న పెద్ద ఇంటి కంటే వలస కుటుంబానికి ఎక్కువ విలువైనది అన్నది నా అభిప్రాయం. దూరంలోనే చోటు ఇవ్వడం అనివార్యమైతే ఇళ్ళ తాళాలు ఇచ్చే రోజుకే ఉదయం ఐదు గంటల బస్సు, రేషన్ దుకాణం, అంగన్‌వాడీ అక్కడ నడుస్తూ ఉండాలి.

విపత్తు వెంటనే ఏర్పాటు చేసే శిబిరాలకు అంతర్జాతీయంగా అందరూ వాడే స్ఫియర్ ప్రమాణాలు ఉన్నాయి. వాటి ప్రకారం పైకప్పు కింద మనిషికి కనీసం 3.5 చదరపు మీటర్ల చోటు కావాలి. కట్టడాల మధ్య కనీసం 2 మీటర్ల ఎడం, ప్రతి 300 మీటర్ల నివాసాలకు ఒకచోట 30 మీటర్ల ఖాళీ అడ్డుపట్టీ ఉంటే మంటలు ఒక గుడిసె నుంచి మరొక గుడిసెకు పాకే ప్రమాదం తగ్గుతుంది. ప్లాస్టిక్ పట్టాలు, అట్టలు, చిత్తు సామాను నిండి ఉండే బస్తీల్లో ఈ ఎడం ప్రాణాలు కాపాడుతుంది. ఇక శిబిరం అనగానే ప్రభుత్వ పాఠశాలను తెరవడం మనకు అలవాటైపోయింది. వారం దాటితే ఆ బడి పిల్లల చదువు ఆగుతుంది, స్థానికుల ఓర్పూ తగ్గుతుంది. ఫంక్షన్ హాళ్ళ యజమానులతో వానాకాలం రాకముందే అద్దె ఒప్పందం చేసుకుని ఉంచుకోవడం ఇంతకంటే తెలివైన పని. ఎలాగూ ఆషాఢంలో, భాద్రపదంలో అవి ఖాళీగానే ఉంటాయి.

నీళ్ళు, మరుగుదొడ్లు

అత్యవసర దశలో మనిషికి రోజుకు 15 లీటర్లు, 250 మందికి ఒక నల్లా, 500 మీటర్లలోపు నీటి వసతి అన్నవి కనీస ప్రమాణాలు. మురుగునీటి పైపులున్న మన నగరాలకు సాధారణ ప్రణాళికా ప్రమాణం మనిషికి 135 లీటర్లు. మొదటి అంకె నుంచి రెండో అంకె వైపు ఎంత త్వరగా వెళ్ళగలమన్నదే ఇక్కడ అసలు పరీక్ష. ట్యాంకరు మొదటి పదిహేను రోజులకు మంచిదే గానీ ఆ తర్వాత అది ఖర్చుకూ తగాదాలకూ మూలమవుతుంది. ఇంటి పత్రాలు లేనివారికి విడి కనెక్షన్ రాదు కనుక బస్తీ సంఘం పేరున ఉమ్మడి కనెక్షన్ తీసుకుని, పబ్లిక్ నల్లాలు పెట్టించి, వాటి గొట్టాల వ్యాసాన్ని మాత్రం రేపు ఇంటింటి కనెక్షన్‌కు సరిపోయేలా వేయించాలి.

మరుగుదొడ్డి మొదట్లో 50 మందికి ఒకటి ఉన్నా సర్దుకోవచ్చు. వీలైనంత త్వరగా 20 మందికి ఒకటి అయ్యేలా చూడాలి. ఆడవారివి వేరుగా, లోపల గడియతో, దారి పొడవునా దీపంతో ఉండాలి. కట్టించినవారు తరచుగా మరిచిపోయేది సెప్టిక్ ట్యాంకు నిండినప్పుడు ఖాళీ చేయించేది ఎవరన్న సంగతి. ఆ ఖర్చు ఎవరిదో, ఎన్ని నెలలకు ఒకసారో కట్టే రోజే రాసి పెట్టకపోతే ఆరు నెలల తర్వాత ఆ మరుగుదొడ్డికి తాళం పడుతుంది.

అద్దె గదులు, రేకుల కప్పులు

నగరానికి వచ్చిన నిర్వాసితుల్లో చాలామంది శిబిరంలోనో ప్రభుత్వ కాలనీలోనో ఉండరు. పాత బస్తీ యజమాని మేడ మీద వేసిన రేకుల గదిలోనో, నేల అంతస్తు చీకటి గదిలోనో ఒక్కో గదికి నలుగురైదుగురు అద్దెకు ఉంటారు. కనుక కొత్త ఇళ్ళు కట్టడం కంటే ఉన్న అద్దె గదులను బాగుచేయడం తొందరగా ఫలితమిస్తుంది. గదికి కిటికీ, విడి మీటరు, మరుగుదొడ్డి ఏర్పాటు చేసి, నిర్ణీత కాలం అద్దె పెంచనని రాసిచ్చే యజమానికి మరమ్మతు ఖర్చులో కొంత పురపాలిక భరించే ఏర్పాటు చేయవచ్చు. ఆ మాట కాగితం మీద లేకుండా డబ్బు ఇస్తే మాత్రం బాగుపడిన గదికి ఎక్కువ అద్దె ఇచ్చేవారు వస్తారు, వలస కుటుంబం మళ్ళీ నాలా ఒడ్డుకే చేరుతుంది. వలస కార్మికులకు అద్దె ఇళ్ళ సముదాయాల కోసం 2020లో కేంద్రం తెచ్చిన పథకాన్ని ప్రస్తుత పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజన కూడా కొనసాగిస్తోంది. నగరంలో ఖాళీగా పడి ఉన్న ప్రభుత్వ గృహాలు ఏమైనా ఉంటే వాటి జాబితాతో అటు కూడా ప్రయత్నించాలి.

రేకుల గదిలో మే నెల మధ్యాహ్నం గడపడం ఎంత కష్టమో అక్కడ పసిపిల్లను పడుకోబెట్టిన తల్లికి తెలుసు. తెలంగాణ ప్రభుత్వం 2023–28 కాలానికి శీతల పైకప్పుల విధానం ప్రకటించింది. సిమెంటు కప్పు మీద శుభ్రంగా ఊడ్చి, కడిగి, జిగురు కలిపిన తెల్ల సున్నం రెండు పూతలు వేస్తే గది వేడి తగ్గుతుంది. ఇనుప రేకుల మీద సున్నం నిలవదు కాబట్టి అక్కడ ఎండను వెనక్కి కొట్టే తెల్ల పెయింటు వాడాలి. ఈ పని ఫిబ్రవరి ముగిసేలోగా పూర్తికావాలి, కూలి వలస కుటుంబాల యువకులకే ఇవ్వాలి. పట్టణ బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికి కేటాయించాలని తెలంగాణ పురపాలక చట్టం 2019 చెబుతోంది. ఆ మొక్కల్లో కొన్నైనా ఇలాంటి బస్తీల దారుల్లో, లేబర్ అడ్డాల దగ్గర నీడ కోసం నాటడానికి అడ్డేమీ లేదు.

కార్డులు: ఎక్కువ మేలు చేసే పని

సిమెంటు పని కంటే కాగితం పని చవక. దాని ఫలితం మాత్రం కుటుంబం ఎక్కడికి వెళితే అక్కడికి వెంట వస్తుంది. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు ఏర్పాటు 2019 ఆగస్టులో మొదలైంది ఆంధ్రప్రదేశ్–తెలంగాణ, గుజరాత్–మహారాష్ట్ర జంటల మధ్యే. 2022 నాటికి దేశమంతటికీ విస్తరించింది. జాతీయ ఆహార భద్రతా చట్టం కింద కార్డు ఉన్న ఒడిశా కుటుంబం హైదరాబాదు దుకాణంలో బియ్యం తీసుకోవచ్చు. ఊళ్ళో ఉండిపోయిన వృద్ధులు తమ వాటా అక్కడే తీసుకుంటే మిగిలిన వాటా ఇక్కడ తీసుకోవచ్చు. ఈ రెండో సౌకర్యం సంగతి డీలర్లలోనే చాలామంది చెప్పరు. అయితే రాష్ట్రం సొంతంగా కలిపి ఇచ్చే అదనపు బియ్యం, కేంద్ర చట్టం పరిధిలో లేని రాష్ట్ర కార్డులు సరిహద్దు దాటితే పనిచేయవన్న విషయం ముందే చెప్పాలి, లేకపోతే గొడవ దుకాణం దగ్గర జరుగుతుంది. ఇటుకలు, సిమెంటు పనివారి వేలిముద్రలు అరిగిపోయి యంత్రం గుర్తించకపోతే కంటిపాప గుర్తింపుతో ఇవ్వమని అడగాలి.

భవన నిర్మాణ కార్మికుల 1996 చట్టం పెట్టిన, ఇప్పుడు సామాజిక భద్రతా స్మృతి కొనసాగిస్తున్న నియమం ప్రకారం 18 నుంచి 60 ఏళ్ళ మధ్య వయసు ఉండి, గత పన్నెండు నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసినవారు సంక్షేమ బోర్డులో సభ్యులు కావచ్చు. నిర్మాణ ఖర్చుపై ఒక శాతం సెస్సు వసూలయ్యేది వారి కోసమే. చిక్కంతా 90 రోజుల ధ్రువపత్రం దగ్గర వస్తుంది, ఎందుకంటే మేస్త్రీలు రాసివ్వడానికి జంకుతారు. ఇందుకు కార్మిక సంఘాన్ని, కార్మిక శాఖ సహాయ అధికారిని కలిపి నెలకు ఒకసారి అడ్డా దగ్గరే శిబిరం పెట్టడం ఆచరణలో సరైన దారి. అదే బల్ల మీద అసంఘటిత కార్మికుల జాతీయ జాబితా అయిన ఈ–శ్రమ్‌లో నమోదు కూడా పూర్తి చేయవచ్చు. తోపుడు బండి పెట్టుకున్నవారి విషయంలో 2014 వీధి వ్యాపారుల చట్టం గుర్తుంచుకోవాలి. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా వారిని తొలగించకూడదని ఆ చట్టమే చెబుతోంది.

వైద్యానికి బస్తీ దవాఖానాలు ఉన్నాయి. టీకాలకు, అంగన్‌వాడీ ఆహారానికి స్థానిక రేషన్ కార్డు అవసరం లేదు. తల్లీబిడ్డల కార్డు ఊళ్ళో మరచి వచ్చినా కొత్తది రాయించి పాత వివరాలు అక్కడి ఆశా కార్యకర్తను ఫోనులో అడిగి నింపడం సాధ్యమే.

బడి

విద్యాహక్కు చట్టం 2009 ఈ విషయంలో స్పష్టంగా ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి. టీసీ లేదని, పుట్టిన తేదీ పత్రం లేదని నిరాకరించకూడదు. వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్పించే బాధ్యత స్థానిక సంస్థదని తొమ్మిదో సెక్షనే చెబుతుంది, అంటే ఆ బాధ్యత పురపాలికదే. తెలంగాణలో ఇటుక బట్టీల దగ్గర ఒడియా పుస్తకాలతో పని స్థలాల బడులు నడిచాయి. అలాంటి చోట చదివితేనే పిల్ల తిరిగి ఊరు వెళ్ళాక అక్కడి తరగతిలో ఇమడగలుగుతుంది. అమ్మానాన్నలు పనికి పోయే ఇళ్ళలో పదేళ్ళ పిల్ల బడికి రాదంటే చిన్న తమ్ముడిని చూసుకోవాల్సి వచ్చిందని అర్థం. అక్కడ బడితోపాటు శిశు సంరక్షణ కేంద్రం తెరవకపోతే హాజరు పెరగదు.

సరిహద్దు దాటి వచ్చినవారి విషయంలో

భారతదేశం 1951 శరణార్థుల ఒప్పందంలో గానీ 1967 ప్రోటోకాల్‌లో గానీ భాగస్వామి కాదు. మన దగ్గర శరణార్థులకు ప్రత్యేక చట్టమూ లేదు. అయినా రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే ప్రాణరక్షణ పౌరులకు మాత్రమే పరిమితం కాదని, ఈ దేశంలో ఉన్న ప్రతి మనిషికీ వర్తిస్తుందని 1996లో అరుణాచల్ ప్రదేశ్‌లోని చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వార్డు సిబ్బంది ఇక్కడ రెండు హద్దులు పాటించాలి. మొదటిది, వీరికి ఆధార్, ఓటరు కార్డు వంటివి ఇప్పించే ప్రయత్నం ఎవరి జాలితోనూ చేయకూడదు, ఎందుకంటే తర్వాత కేసు పడేది ఆ కుటుంబం మీదే. రెండోది, టీకా, ప్రసవం, అంటువ్యాధి నివారణ, తాగునీరు వంటి పనుల్లో పత్రం అడిగి ఆపకూడదు. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు ఉంటే దాని నకలు కుటుంబం దగ్గరే భద్రంగా ఉంచుకోమని చెప్పాలి. నివాస హక్కు వంటి చట్టపరమైన ప్రశ్నలను వార్డు కార్యాలయంలో తేల్చడానికి ప్రయత్నించకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పంపాలి.

ఛత్తీస్‌గఢ్‌లో 2005 తర్వాతి హింస వల్ల గోదావరి ఇవతలి అడవులకు వచ్చిన గుత్తికోయల పరిస్థితి దీనికి భిన్నమైనది. వారు ఈ దేశ పౌరులే. వారి సమస్య ప్రధానంగా కుల ధ్రువపత్రం, భూమి, అటవీ శాఖలతో ముడిపడినది కాబట్టి పట్టణ పద్ధతులు అక్కడ అతకవు.

ఇరుగుపొరుగు

అక్కడ ముందునుంచీ ఉన్న బస్తీవారికి వారానికి రెండుసార్లు నీళ్ళు వస్తుంటే పక్కనే కొత్తగా వచ్చినవారికి రోజూ నల్లా తిరిగిందంటే గొడవ రావడంలో ఆశ్చర్యం లేదు. ఆ కోపాన్ని అజ్ఞానంగా తీసిపారేయకూడదు. ఉగాండాలో శరణార్థుల కోసం వచ్చే సాయంలో సుమారు 30 శాతం స్థానికులకు కూడా అందాలన్న నియమం పాటిస్తారు. మన దగ్గర కొత్త నల్లాను, దవాఖానాను రెండు బస్తీల మధ్య హద్దులో పెట్టి, వాటి నిర్వహణ సంఘంలో ఇరువైపుల ఆడవారినీ సభ్యులుగా వేయడం ఇదే ఫలితాన్నిస్తుంది. నిధుల కోసం ప్రతిపాదన రాసేటప్పుడు కూడా వలసదారుల పేరుతో విడి పద్దు అడగకుండా బస్తీ మొత్తానికి డ్రైనేజీ, నీరు, దీపాలు అని రాయడం మేలు. అలా రాసినది మంజూరు కావడం తేలిక, తర్వాతి కౌన్సిల్ రద్దు చేయడం కష్టం.

సీజను ముగిశాక

ఉగాది దాటి ఎండలు ముదిరాక కొన్ని కుటుంబాలు ఊరి దారి పడతాయి. వెళ్ళేముందు పిల్లలకు చదివిన తరగతి రాసిన పత్రం, టీకాల కార్డు, పెద్దలకు నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు సభ్యత్వ సంఖ్య చేతికివ్వాలి. కూలి బకాయిలు ఉంటే వారు రైలెక్కకముందే కార్మిక శాఖ దగ్గర ఫిర్యాదు నమోదు చేయించాలి, ఎందుకంటే వెళ్ళిపోయాక మేస్త్రీ ఫోను ఎత్తడు. 2020 మే 1న దేశంలో మొదటి శ్రామిక్ రైలు బయలుదేరింది లింగంపల్లి నుంచే. ఆ రోజుల్లో ఎవరు ఎక్కడ ఉన్నారో తెలిసిన జాబితా లేకనే అన్నం పొట్లాలు సైతం చేరవలసిన చోటికి చేరలేదు. అందుకే తిరిగి వెళ్ళినవారి పేర్లు కొట్టివేయకుండా రిజిస్టరులో ఊరు, ఫోను నంబరుతో సహా ఉంచి, దసరా తర్వాత ఒకసారి ఫోను చేసి మళ్ళీ వస్తున్నారా అని అడగాలి. వస్తున్నామన్నవారి సంఖ్యను బట్టి అంగన్‌వాడీ సరుకులు, బడి పుస్తకాలు ముందుగానే తెప్పించుకోవచ్చు. రెండో ఏడాది కూడా వెళ్ళకుండా ఉండిపోయిన కుటుంబాల పేర్లను వలస రిజిస్టరు నుంచి తీసి వార్డు సాధారణ నివాసుల జాబితాలో చేర్చి, విడి నల్లాకూ స్థానిక రేషన్ కార్డుకూ దరఖాస్తు చేయించాలి.